స్నానాల గదిలో గీజరు మార్చడం: ట్యాంకు ఖాళీ చేయడం, ఎర్తు చూసుకోవడం

ఉష్ణం, విద్యుత్తు అనే రెండు అధ్యాయాలలో మీరు చదివిన సూత్రాలన్నీ ఒకేచోట పనిచేసే పరికరం మీ ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది. అది స్నానాల గదిలో తలకు పైన, గోడకు వేలాడే గీజరు. విశిష్టోష్ణం, ద్రవాల వ్యాకోచం, పీడనం, నిరోధం, విద్యుద్బంధకాలు - ఇవేవీ దానికి కొత్త కాదు. కాని మనం దాన్ని స్విచ్చి వేసి ఆపే వస్తువుగానే చూస్తాం. అది పాడైన రోజున మాత్రం ప్లంబరుకు ఫోను చేసి, అతడు ఏం చేస్తున్నాడో చూడకుండా పక్క గదిలో కూర్చుంటాం. ఈ పాఠం చదివాక మీరు పక్క గదిలో కూర్చోకూడదని నా కోరిక. పాన మీరే పట్టాలని కాదు, పట్టినవాడు ఏం చేస్తున్నాడో మీకు తెలియాలని.

చలిదేశపు రేడియేటరు, మన గీజరు

మీ బంధువులలో ఎవరైనా ఇంగ్లండులోనో, కెనడాలోనో ఉంటే వారి స్నానాల గదిలో గోడకు ఆనించి ఇనుప పలకలాంటి వస్తువును ఫోటోలలో చూసి ఉంటారు. దాన్ని రేడియేటరు అంటారు. ఇంట్లో ఒకచోట ఉన్న బాయిలరు నీళ్ళను వేడి చేస్తుంది. పంపు ఆ నీళ్ళను గొట్టాల ద్వారా గదిగదికీ తిప్పుతుంది. చల్లబడిన నీళ్ళు మళ్ళీ బాయిలరుకే వస్తాయి. అంటే అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతుంటాయి, వాటితో ఎవరూ స్నానం చేయరు. లోపలి ఇనుము నెమ్మదిగా తుప్పు పట్టి నీళ్ళు నల్లగా మారతాయి. రేడియేటరు మార్చాలంటే ముందు ఆ నల్లటి నీళ్ళను దింపాలి. అందుకు ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న వాల్వుకు గొట్టం తగిలించి బయటికి వదులుతారు. అయితే అంతటితో నీళ్ళు రావు. పై అంతస్తులో ఉన్న రేడియేటరు మీద చిన్న గాలి మర ఉంటుంది, దాన్ని తిప్పి గాలి లోపలికి పోనివ్వాలి. గాలి లోపలికి పోతేనే నీరు బయటికి వస్తుంది. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మన గీజరు దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

హైదరాబాదులో ఇల్లు వేడిచేసుకోవలసిన అవసరం లేదు. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాముల్లో 14, 15 డిగ్రీలు, మరీ చలిగా ఉన్న రోజుల్లో ఇంకొంచెం తక్కువ. ఇల్లు కాదు గాని స్నానానికి నీళ్ళు వేడిగా కావాలి. ఆ అవసరం ఈ ఊరికి పాతదే. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉన్న హమ్మామును చూసినవారికి వేడినీళ్ళకూ చన్నీళ్ళకూ వేరువేరు కాలువలు ఏర్పాటు చేసిన సంగతి తెలుస్తుంది. మా చిన్నతనంలో పాతబస్తీ ఇళ్ళల్లో కట్టెల పొయ్యి మీద కాగు ఉండేది. కాస్త కలిగినవారి ఇళ్ళల్లో నడిమధ్య పొగగొట్టంతో రాగి బాయిలరు ఉండేది. రాగి బాయిలరు మూత వదులుగా ఉంటుంది, దాని పీడనం ఎప్పుడూ బయటి గాలి పీడనాన్ని మించదు. అందుకే అది పేలిందని ఎవరూ వినలేదు. గీజరు మాటకొస్తే, అది మూసిన పాత్ర.

మా ఇంట్లో జరిగింది

శాలిబండలో మాది తాతగారి కాలంనాటి ఇల్లు. గోడలు రాయి, డంగు సున్నం. పైపులు పాత జీఐ పైపులు. కొన్నేళ్ళ కిందట ఒక నవంబరులో మేడ మీది ట్యాంకునుంచి స్నానాల గదికి వచ్చే జీఐ పైపు తుప్పు పట్టి కారడం మొదలైంది. ఒక ప్లంబరును పిలిచి దాని స్థానంలో సీపీవీసీ పైపు వేయించాను. పని శుభ్రంగానే చేశాడు. గీజరును ముట్టుకోలేదు, అప్పటికి అది పన్నెండేళ్ళది.

వారం తిరక్కుండానే మా ఆవిడ, "స్నానాల గదిలో నల్లా పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందండీ" అంది. చలికాలం కదా, ఒళ్ళు పొడిబారితే ఉన్ని బట్టల వల్ల స్థిర విద్యుత్తు పుడుతుంది అని నేను వివరించాను. ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాడిని కనుక నా వివరణకు ఇంట్లో ఎదురుండదు. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున నాకే జివ్వుమంది. తడి చేతికి, తడి నేల మీద, స్థిర విద్యుత్తా? అప్పుడు సిగ్గుపడి టెస్టరు తెచ్చి నల్లాకు ఆనిస్తే దీపం వెలిగింది. సంక్రాంతి సెలవులకు మనవడు వస్తున్నాడు. వాడికి నల్లా పట్టుకుని వేలాడడం అలవాటు.

పిలిపించిన ఎలక్ట్రీషియన్ మా మొహల్లా కుర్రవాడే. గీజరు ప్లగ్గు విప్పి, ఎర్తు తీగ పట్టుకుని గోడ వెంట నడిచాడు. ఆ తీగ మెయిన్ బోర్డుకు పోలేదు. స్నానాల గది మూలన కోసి వదిలేసిన అడుగు పొడవు జీఐ పైపు ముక్కకు చుట్టి ఉంది. "సాబ్, పైపుకే ఎర్తు కట్టిన్రు. పైపేమో తీసేసిన్రు" అన్నాడు.

జరిగింది ఇదీ. పాత ఇళ్ళల్లో వేరే ఎర్తింగు గుంత తీయకుండా, నేలలోకి పోయే ఇనుప పైపునే ఎర్తుగా వాడుకునే అలవాటు ఉండేది. గీజరు లోపలి హీటరు తొడుగు ఎప్పుడో చీలి, కరెంటు కారడం మొదలయింది. ఇనుప పైపు ఉన్నంతకాలం ఆ కారిన కరెంటు సద్దుచేయకుండా భూమిలోకి పోయింది. సీపీవీసీ విద్యుద్బంధకం. పైపు మార్చగానే దారి మూసుకుపోయింది. లోపం కొత్తగా పుట్టలేదు, దాన్ని దాచిన పైపు పోయిందంతే. మీ ఇంట్లో జీఐ పైపులు తీసి ప్లాస్టిక్ పైపులు వేయిస్తుంటే, ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలిచి ఎర్తు చూపించుకోండి. ఈ రెండు పనులకూ సంబంధం ఉందని ప్లంబరుకు తట్టదు, ఎలక్ట్రీషియన్‌కు ఎవరూ చెప్పరు.

మరి మేము చనిపోకుండా జివ్వుమనడంతో ఎందుకు సరిపోయింది? లెక్క వేద్దాం. గీజరుకూ నల్లాకూ మధ్య సుమారు ఒక మీటరు ప్లాస్టిక్ పైపు ఉంది. కరెంటు ఆ పైపులోని నీటి గుండానే రావాలి. బోరునీటి విశిష్ట నిరోధం సుమారు 10 ఓమ్ మీటర్లు అనుకోండి. పైపు లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లయితే అడ్డుకోత వైశాల్యం 0.000177 చదరపు మీటర్లు. నిరోధం = 10 × 1 ÷ 0.000177, అంటే సుమారు 56,000 ఓములు. 230 వోల్టులను దీనితో భాగిస్తే దాదాపు 4 మిల్లీ ఆంపియర్లు. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర మనిషికి చురుక్కుమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. 50 నుంచి 100 మధ్య గుండె లయ తప్పుతుంది. మేము ఆ నాలుగు మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉన్నాం. అదే తడి చేత్తో గీజరు ఇనుప బాడీని ముట్టుకుని ఉంటే మధ్యలో నీటి స్తంభం ఉండదు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1,000 ఓములు మాత్రమే. 230 మిల్లీ ఆంపియర్లు! హైదరాబాదులో గీజరు షాకుతో ప్రాణాలు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు.

గీజరు లోపల ఏముంది

గీజరు మార్చాలని నిశ్చయించాక పాతదాన్ని విప్పి చూశాను. విద్యార్థులకు చూపించడానికి ఇంతకన్నా మంచి వస్తువు లేదు.

హీటరు అంటే నైక్రోమ్ తీగ చుట్ట. దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి కుక్కి, పైన రాగి తొడుగో, మిశ్రలోహపు తొడుగో వేస్తారు. మెగ్నీషియం ఆక్సైడుకు ఒక మంచి గుణం ఉంది: వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. కాని తొడుగు చీలి తేమ తగిలితే ఆ రెండో గుణం పోతుంది.

తొడుగు ఎందుకు చీలుతుంది? పాతబస్తీలో నల్లా నీళ్ళు రోజూ రావు. 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) నగరానికి తాగునీరిచ్చాయి, తరవాత మంజీరా, కృష్ణా జలాలు వచ్చాయి. అయినా నీళ్ళు రాని రోజున ట్యాంకులోకి ఎక్కేది బోరునీరే, అది కఠినజలం. అందులోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటుగా, నీరుగా, కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. తాత్కాలిక కాఠిన్యం అన్న పాఠంలో మీరు ఈ సమీకరణం రాశారు. ఆ కార్బొనేటు అన్నిటికన్నా వేడిగా ఉండే చోట, అంటే హీటరు మీదనే తెల్లటి పొలుసుగా పేరుకుంటుంది. దాని ఉష్ణవాహకత రాగిదానిలో నూరోవంతు కూడా ఉండదు. వేడి బయటికి పోలేక హీటరు లోపలే మాడుతుంది, తొడుగు చిట్లుతుంది. మా గీజరులో హీటరు నా బొటనవేలంత లావైంది.

లోపల ఇంకో కడ్డీ కూడా ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండేది. అది మెగ్నీషియం ఆనోడు. ఇనుముకన్నా మెగ్నీషియం తేలికగా ఎలక్ట్రాన్లను వదులుతుంది కనుక తుప్పు ముందు దాన్ని తింటుంది, ట్యాంకును వదిలేస్తుంది. రెండేళ్ళకోసారి చూసి మార్చాలి. నేను పన్నెండేళ్ళలో ఒక్కసారీ మార్చలేదు. కడ్డీ స్థానంలో సన్నటి తీగ ముక్క మిగిలింది.

ట్యాంకు ఖాళీ చేయడం

ముందు కరెంటు. గోడమీది స్విచ్చి ఆపితే చాలదు. పాత వైరింగుల్లో స్విచ్చి ఫేజు మీద కాక న్యూట్రల్ మీద ఉన్న ఇళ్ళు నేను చూశాను. అలాంటి చోట స్విచ్చి ఆపినా గీజరులో ఫేజు ఉంటుంది. బోర్డులో ఎంసీబీ దించి, ప్లగ్గు ఊడదీసి, టెస్టరుతో చూసుకోవాలి.

తరవాత లోపలి నీటిని చల్లబరచాలి. ఇందుకు గంటలు ఆగనక్కరలేదు. చన్నీటి వాల్వు తెరిచే ఉంచి వేడినీళ్ళ నల్లాను వదలండి. బకెట్టున్నర నీళ్ళు పోయేసరికి వేడినీరంతా వెళ్ళి చన్నీరు నిండుతుంది. ఇప్పుడు చన్నీటి వాల్వు కట్టేయండి. పాత ఇళ్ళల్లో ఇక్కడే చిక్కు. స్నానాల గదిలో విడిగా వాల్వు ఉండదు, మేడ మీద ఒకే గేటు వాల్వు ఉంటుంది, అదీ ఏళ్ళుగా తిప్పక బిగుసుకుపోయి ఉంటుంది. పని పెట్టుకున్న ముందు రోజే దాన్ని తిప్పి చూసుకోండి. పైపు విప్పాక వాల్వు మూసుకోదని తెలిస్తే ట్యాంకు మొత్తం స్నానాల గదిలోకి దిగుతుంది.

వాల్వు కట్టాక వేడినీళ్ళ నల్లా తెరిచి చూడండి. కొద్దిగా కారి ఆగిపోతుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి: ట్యాంకులో ఇంకా ఎన్ని నీళ్ళున్నాయి?

ఖాళీ అయిందని అనుకునేవారే ఎక్కువ. నిజానికి పదిహేను లీటర్ల గీజరులో పదిహేను లీటర్లూ అలాగే ఉన్నాయి. గోడకు నిలువుగా వేలాడే గీజరుకు రెండు పైపులూ అడుగునే కనిపిస్తాయి. కాని వేడినీటి పైపు లోపల పైదాకా లేచి ఉంటుంది. వేడినీరు తేలికై పైకి చేరుతుంది కదా, దాన్ని అక్కడే అందుకోవాలి. చన్నీరు అడుగున వచ్చి తోస్తేనే పైనున్న నీరు ఆ గొట్టంలోకి పొర్లుతుంది. తోసేది ఆగితే ఇదీ ఆగుతుంది. ఈ సంగతి తెలియక, ఖాళీ అనుకుని ఒక్కడే స్టూలెక్కి గీజరు దించబోయి, పదిహేను కిలోల నీటి బరువు అదనంగా మీద పడి నడుము పట్టుకున్నవారున్నారు.

ఖాళీ చేసే దారి అడుగున ఉన్న చన్నీటి పైపే. వేడినీళ్ళ నల్లాను తెరిచే ఉంచి, కింద బకెట్టు పెట్టి, చన్నీటి వైపు కనెక్షన్ విప్పండి. అక్కడ వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటే దాన్ని కూడా విప్పాలి, లేదా దాని మీది చిన్న మీటను ఎత్తిపట్టాలి. నీళ్ళు ధారగా వస్తాయి, తెల్లటి పొలుసు ముక్కలతో సహా. నల్లా మూసి ఉంటే మాత్రం బోర్లించిన సీసాలాగా బుడబుడమని ఆగి ఆగి వస్తాయి. తెరిచిన నల్లా గుండా గాలి పైకి వెళ్ళి నీటి స్థానం తీసుకుంటుంది. చలిదేశంవారి రేడియేటరు మీది గాలి మర చేసే పనిని ఇక్కడ మన నల్లా చేస్తోంది.

కొత్తది పెట్టేటప్పుడు

పదిహేను లీటర్ల గీజరు నీటితో సహా ఇరవై కిలోలు దాటుతుంది. సిమెంటు గోడలో యాంకరు బోల్టు పట్టినట్టు డంగు సున్నపు గోడలో పట్టదు. బోల్టు బిగించేకొద్దీ సున్నం పొడిగా రాలుతుంది. రాయి తగిలేదాకా రంధ్రం వేయాలి. రాయి దొరకకపోతే గోడ ఆ వైపుకు దూసుకుపోయే పొడవాటి బోల్టు వేసి, అవతల ఇనుప పట్టీతో బిగించాలి. మా ఇంట్లో అదే చేశాం. గోడ అవతలి వైపు దేవుడి గది, మా ఆవిడ పట్టీ మీద క్యాలెండరు వేలాడదీసింది.

చన్నీటి పైపు దగ్గర వచ్చే భద్రతా వాల్వు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. నీటిని 25 నుంచి 65 డిగ్రీలకు వేడిచేస్తే సాంద్రత తగ్గి, ఘనపరిమాణం సుమారు 1.7 శాతం పెరుగుతుంది. పదిహేను లీటర్లకు అది పావులీటరు. వెనక్కి పోనివ్వని వాల్వు ఉన్నప్పుడు ఆ పావులీటరుకు చోటెక్కడిది? పీడనం పెరిగి, భద్రతా వాల్వు చుక్కచుక్కగా వదులుతుంది. అంటే గీజరు వేడెక్కుతున్నప్పుడు అది కారడం లోపం కాదు, అదే దాని పని. కాని కారుతోందని విసుక్కుని, ఆ రంధ్రానికి మూత బిగించమనేవాళ్ళు, అడిగారు కదా అని బిగించేవాళ్ళు ఉన్నారు. మా పాత గీజరుకు కూడా ఎవరో బిగించారు. థర్మోస్టాటు 60, 65 డిగ్రీల దగ్గర కరెంటు ఆపుతుంది. అది చెడితే సుమారు 90 దగ్గర రెండో కటౌటు ఆపాలి. అదీ చెడితే మిగిలేది ఈ వాల్వు ఒక్కటే. దాన్ని మూస్తే నీరు నూరు డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉంటుంది. ట్యాంకు చీలిన క్షణాన ఆ నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే ఘనపరిమాణం దాదాపు 1,600 రెట్లు. కాబట్టి మూత వేయవద్దు, సన్నటి గొట్టం తగిలించి నేలమీది జాలీ దగ్గరికి వదలండి. గొట్టం చివర ఎప్పుడూ తెరిచే ఉండాలి.

వైరింగులో తగ్గించుకోవద్దు. 2,000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల సాకెట్టుకు తగిలిస్తే అది మాడుతుంది. పదహారు ఆంపియర్ల సాకెట్టు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. ఎర్తుకు మెయిన్ బోర్డునుంచి విడి తీగ లాగించండి, అది ఎర్తింగు గుంతదాకా పోవాలి. సాకెట్టులోనే ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలిపి "అయిపోయింది" అనే పని ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే గీజరు బాడీయే ఫేజు అవుతుంది. మల్టీమీటరుతో చూస్తే ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. ఈ కొలతలు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే తీయించండి.

చాలామంది ఎంసీబీ ఉంది కదా అంటారు. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ప్రాణం తీసే పావు ఆంపియరు కనిపించదు. కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటు సమానంగా లేకపోతే, తేడా ఎటో కారుతోందని గ్రహించి క్షణంలో మూడోవంతు లోపే ఆపుతుంది. ఎర్తు లేకుండా ఇది ఒక్కటే ఉంటే, మీరు ముట్టుకున్నాకే అది పడిపోతుంది. ఎర్తు కూడా ఉంటే, గీజరు చెడిన రోజునే, ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది.

చివరగా నీళ్ళు నింపే క్రమం. వాల్వు తెరిచి, వేడినీళ్ళ నల్లా తెరిచి, గాలి చిమ్మడం ఆగి నీరు నిండు ధారగా వచ్చేదాకా ఆగండి. ఆ తరవాతే ఎంసీబీ ఎత్తండి. ఖాళీ ట్యాంకులో హీటరు నిమిషాల్లో మాడిపోతుంది.

మా ఇంట్లో కొత్త గీజరు, ఆర్‌సీసీబీ, ఎర్తింగు గుంత అన్నీ సంక్రాంతికి వారం ముందు పూర్తయ్యాయి. గుంతకు బొగ్గూ ఉప్పూ నేనే మోసుకొచ్చాను. మనవడు వచ్చి నల్లా పట్టుకుని వేలాడాడు. విరగ్గొట్టాడు కూడా.

అభ్యాసం

1. మీ ఇంటి గీజరు మీద రాసి ఉన్న లీటర్లు, వాట్లు చూసి, 20 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి ఎంతసేపు పట్టాలో లెక్కించండి. (15 లీటర్లు, 2,000 వాట్లకు సుమారు 21 నిమిషాలు రావాలి.) గడియారం పెట్టి నిజంగా ఎంతసేపు పడుతోందో చూడండి. తేడా ఎక్కువగా ఉంటే కారణాలు రెండు రాయండి.

2. మీ ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద "టెస్ట్" అనే బొత్తం ఉంటుంది. ఈరోజే నొక్కండి. మీట పడిపోకపోతే రేపు గీజరు వేయవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.